నల్లగా ఉండాల్సిన గది

దేవకి తాళంచెవి తయారుచేసిన రోజున పరిశోధనాలయంలో అందరికీ పూతరేకులు పంచారు. తాళంచెవి అని పిలవడమే కానీ అది చేత్తో పట్టుకునేది కాదు. ఆమె కంప్యూటర్‌లో భద్రంగా దాచిన పొడవాటి అంకెల వరస, అంతే.

విశాఖలో సముద్రానికి ఎదురుగా ఒక కొండమీద ఉంది ఆ పరిశోధనాలయం. కింది అంతస్తులో పెద్ద హాలు, ఒళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటుంది. అందులో వరసలు వరసలుగా కంప్యూటర్లు. వాటి పని బొమ్మలు గీయడం. ఒక్కో బొమ్మనూ ముక్కలు చేసి, ముక్కకొక యంత్రం చొప్పున పంచి, అన్నీ గీశాక మళ్ళీ అతికిస్తారు. సినిమావాళ్ళు ఇలాంటి దాన్ని రెండర్ ఫార్మ్ అంటారు. పరిశోధనాలయంలో మాత్రం అందరూ 'పొలం' అనేవాళ్ళు. ఆ పొలం కాపు దేవకి.

ప్రతి యంత్రానికీ వేరే పాస్‌వర్డ్ ఉండేది. ఏ చిన్న మార్పు చేయాలన్నా ఒక్కొక్కదాన్నీ పలకరించి, పాస్‌వర్డ్ కొట్టి, మార్పు చెప్పి, అది సరేనన్నాక పక్కదానికి వెళ్ళాలి. సంస్థ అధిపతి డాక్టర్ విశాలాక్షి పెట్టిన నియమం అది. "అడగనీ దేవకీ. అవి అడిగినప్పుడల్లా మనం ఏం చేస్తున్నామో ఒకసారి ఆలోచిస్తాం" అనేది ఆవిడ.

ఆలోచన సంగతేమో కానీ దేవకికి మణికట్టు నొప్పి వచ్చింది. పొద్దున మొదలుపెట్టిన మార్పు సాయంత్రానికి కూడా తెమిలేది కాదు. అందుకే తాళంచెవి తయారుచేసింది. ఆ అంకెల వరసను యంత్రాలన్నిటికీ ఒకసారి పరిచయం చేస్తే చాలు. తర్వాత ఆమె తన బల్ల దగ్గర కూర్చుని ఒక్క వాక్యం రాస్తే పొలం మొత్తం పాటిస్తుంది. ఎవరూ పాస్‌వర్డ్ అడగరు.

విశాలాక్షి అయిష్టంగానే ఒప్పుకుంది. ఒప్పుకున్నాక పూతరేకు తీసుకుని, "నా చాదస్తాన్ని గెలిచావు" అని నవ్వింది.

ఆ పొలం గీసేవి మామూలు బొమ్మలు కావు. విశాలాక్షి ఇరవై ఏళ్ళు కష్టపడి కనిపెట్టిన వెలుగుజాడ అనే పద్ధతి ఆ యంత్రాలమీద నడిచేది. మనిషి ఒక గదిలో కదిలితే, అతనిమీద పడిన వెలుగు చెదిరి బయటి గోడకు తగులుతుంది. మన కంటికి ఆనదు కానీ కెమెరా పట్టేస్తుంది. ఆ గోడ వీడియో ఇస్తే, వెలుగు ఎటునుంచి ఎలా వచ్చిందో వెనక్కి లెక్కకట్టి, కెమెరా చూడని గదిలో ఏం జరిగిందో బొమ్మ గీసి చూపించేది వెలుగుజాడ. తప్పిపోయిన పిల్లల్ని దానితో వెతికారు. దొంగల్ని పట్టారు. వెలుగు చాలనిచోట బొమ్మలో నల్లటి మచ్చలు మిగిలేవి. చూడవచ్చిన పెద్దలు ఆ మచ్చల్ని చూసి పెదవి విరిస్తే విశాలాక్షికి కోపం వచ్చేది. "తెలియదు అని చెప్పడం దానికి వచ్చు. మీకొచ్చా?" అని అడిగేసేది.

కేసులు లేని రోజుల్లో పొలాన్ని సినిమావాళ్ళకు అద్దెకిచ్చేవాళ్ళు. ఆ వేసవిలో వచ్చినవాళ్ళు, కూల్చేసిన ఒక పాత రైల్వేస్టేషన్‌ను అప్పటి వీడియోల నుంచి మళ్ళీ లేపాలన్నారు. వాళ్ళకు నల్ల మచ్చలు వద్దు. తెరమీద చిల్లులు ఎవరు చూస్తారు?

దేవకి తాళంచెవి తీసి ఒక ఆజ్ఞ రాసింది. ఖాళీ వదలొద్దు, తెలియనిచోట ఇంతకుముందు అక్కడ ఎక్కువగా కనిపించినదేదో అదే గీయమని దాని సారాంశం. పొలం మొత్తం క్షణంలో పాటించింది. స్టేషన్ లేచింది, బల్లలమీద మనుషులు కూర్చున్నారు, టీ కొట్టులో పొగ లేచింది. సినిమావాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. దేవకి మర్చిపోకుండా రెండో ఆజ్ఞ రాసింది: పాత పద్ధతికి వెళ్ళండి, తెలియనిచోట నలుపే వదలండి.

రెండో ఆజ్ఞ రాసిన రోజు హాల్లో చివరి వరస యంత్రాలు ఆపేసి ఉన్నాయి. అక్కడి ఏసీ చెడిపోయి మెకానిక్కులు నిచ్చెనలు వేసుకుని పనిచేస్తున్నారు. ఆ సంగతి దేవకికి తెలుసు. తెలిసి కూడా తట్టలేదు. పాత పద్ధతిలో అయితే ఒక్కొక్కదాన్నీ పలకరించేది కనక, పలకని యంత్రం దగ్గర చెయ్యి ఆగేది.

*

దేవకిది జాలరిపేట. నాన్న పడవమీద వెళితే వారాలకు వారాలు రాడు. ఆమెను బడికి తీసుకెళ్ళిందీ, జ్వరమొస్తే ఆసుపత్రికి ఎత్తుకుపోయిందీ చిన్నాన్న ఎల్లాజీ. అతను రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అమ్మోనియా గొట్టాలుండే గదిలో వాల్వులు తిప్పడం అతని పని. గొంతు పెద్దది, గొప్పలు ఎక్కువ. మధ్యాహ్నం కాస్త పుచ్చుకునే అలవాటుంది. "మా గుంట ఎలుతురుతోటి మాటాడుద్ది" అని పేటంతా చెప్పుకుని తిరిగేవాడు.

వానలు మొదలైన నెలలో ఒక మధ్యాహ్నం ఆ గదిలోంచి అమ్మోనియా బయటికి కొట్టింది. ఐసు కొట్టే ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరిగెత్తారు. గౌరమ్మ అనే ఆమె మాత్రం జారిపడి లేవలేక అక్కడే చనిపోయింది. ఆమెకు చిన్న కూతురుంది. మొగుడు మసేను వలలు అల్లేవాడు.

వాల్వు ఎవరో తప్పుగా తిప్పారన్నాడు యజమాని. గొట్టాలు కుళ్ళిపోయి ఉన్నాయన్నారు కూలీలు. ఎల్లాజీని పోలీసులు పట్టుకెళ్ళి అడిగారు.

"నాను గదిలోకి ఎల్నేదు బాబూ" అన్నాడు అతను. "పడవ నీడని తొంగున్నాను."

డ్యూటీలో ఉండగా తాగి పడుకున్నానని చెప్పడం అతనికి తలకొట్టేసినట్టయింది. అయినా చెప్పాడు. పడవ నీడన అతన్ని చూసినవాళ్ళు లేరు.

గదిలోని కెమెరా అంతకు కొన్నాళ్ళ ముందే పాడైపోయింది. నడవలోని కెమెరా పనిచేస్తోంది కానీ దానికి కనబడేది ఎదురుగోడ ఒక్కటే. పోలీసులు ఆ వీడియో పరిశోధనాలయానికి తెచ్చారు. గోడ రంగూ దీపాల తీరూ పోల్చుకోవడానికి గదిలోపల తీసిన పాత వీడియోలు కూడా ఇచ్చారు.

విశాలాక్షి దేవకిని పిలిచి అడిగింది. "మీ చిన్నాన్న కదమ్మా. ఈ ఒక్క కేసుకు తప్పుకో. నీ అసిస్టెంట్ ఫిరోజ్ చూసుకుంటాడు."

"వద్దు మేడమ్. గీసేవి యంత్రాలు. ఇందులో నా చెయ్యేముంది?" అంది దేవకి. ఆమె మనసులో ఉన్నది వేరు. చిన్నాన్న నిర్దోషి అని బయటపెట్టే బొమ్మ తన చేతిమీదుగానే రావాలి. పేటలో తలెత్తుకుని ఆ మాట తనే చెప్పాలి.

బొమ్మ వచ్చింది. ఒక్క నల్లమచ్చ లేదు. గొట్టాల మధ్య ఎల్లాజీ నిలబడి ఉన్నాడు. నీలం గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు. రెండు చేతులతో పెద్ద వాల్వును తిప్పుతున్నాడు.

దేవకికి మొదట కోపం వచ్చింది. చిన్నాన్న తనతో అబద్ధమాడాడు.

*

ఆ సాయంత్రమే పేటకు వెళ్ళింది. ఎల్లాజీ అరుగుమీద కూర్చుని ఉన్నాడు. పిన్ని నూకాలు చేపలు తోముతోంది.

"ఒచ్చినావేటే గుంటా? బొమ్మొచ్చీసిందా?" అని లేచాడు ఎల్లాజీ, ముఖం వెలిగిపోతూ.

దేవకి ఫోన్‌లో బొమ్మ చూపించింది. అతను దాన్ని దగ్గరికి పెట్టుకుని చూశాడు, దూరం పెట్టుకుని చూశాడు.

"ఇది నానే" అన్నాడు. "కానీ నాను తిప్పనేదమ్మా. పడవ నీడని..."

"సిన్నాన్నా, ఇక ఆపు." దేవకి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నువ్వు తాగున్నావు. నీకు గుర్తు లేకపోవచ్చు. వెలుగు అబద్ధమాడదు. దానికి నువ్వూ తెలీదు, నేనూ తెలీదు."

"ఓలమ్మా, నోటికొచ్చినట్టు మాటాడకే" అని నూకాలు చేతిలో చేప అలాగే పట్టుకుని లేచింది. "నీకు బువ్వెట్టినోడే ఆడు!"

"అందుకే చెప్తున్నాను పిన్నీ. గౌరమ్మ చచ్చిపోయింది. అబద్ధంమీద అబద్ధం చెప్పి ఆ పాపం ఇంకా పెంచుకోవద్దు. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది."

ఎల్లాజీ ఫోన్‌కోసం చెయ్యి చాపాడు. "మరోసారి సూపించు" అన్నాడు. చూపించింది. అతను తెరమీది తన చేతుల్ని వేలితో తడిమాడు.

"నీకు అంత నమ్మకమా?" అని అడిగాడు.

"నమ్మకంతో పనిలేదు సిన్నాన్నా. కనిపిస్తోంది కదా."

తర్వాతి రోజుల్లో అతను అన్నం సరిగా తినలేదని పిన్ని ఫోన్ చేసి ఏడ్చింది. దేవకి వెళ్ళలేదు. పేటలో ఎవరి ముఖమూ చూడాలనిపించలేదు. తన ఇంటిమనిషి వల్ల ఒక ఆడది చచ్చిపోయిందన్న సిగ్గు ఆమెను కొండమీదే ఉంచేసింది.

కోర్టులో విచారణ రోజున మాత్రం సెలవు పెట్టి వెళ్ళి వెనక బెంచీమీద కూర్చుంది. జడ్జిగారు ఏమైనా చెప్పుకుంటావా అని అడిగితే ఎల్లాజీ చేతులు జోడించాడు. "నానే తిప్పినాను బాబూ. తాగున్నాను. ఎటు తిప్పాలో మర్సిపోనాను" అన్నాడు. అని, పక్కకు తిరిగి, జనంలో ఉన్న మసేను కాళ్ళవైపు వంగి నేలకు తల ఆనించాడు. కానిస్టేబుళ్ళు లేపారు. దేవకి చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అంత బాధలోనూ, నిజం ఒప్పుకున్నాడు కదా అని కొంచెం మెచ్చుకుంది కూడా.

అతన్ని జైలుకు పంపారు. యజమాని కొత్త గొట్టాలు వేయించి ఫ్యాక్టరీ తెరిచాడు.

*

చలికాలం వచ్చాక ఒక మధ్యాహ్నం ఫిరోజ్ ఆమె బల్ల దగ్గరికి ఉత్సాహంగా వచ్చాడు. విదేశీ అతిథులకు వెలుగుజాడ చూపించాలట. అందుకోసం తమ క్యాంటీన్‌నే నమూనాగా తీసుకున్నాడు. బయటి నడవలోని కెమెరా వీడియో ఏదో ఒక రోజుది ఎంచుకుని, క్యాంటీన్ లోపల తీసిన పాత వీడియోలు జతచేసి, ఆ రోజు లోపల ఎవరెవరున్నారో గీయించాడు.

"చూడండి మేడమ్, మీరే! జడ కూడా ఎంత బాగా వచ్చిందో!"

తెరమీద క్యాంటీన్ కిటికీ పక్కన, రోజూ తను కూర్చునే చోట, స్టీలు గ్లాసుతో టీ తాగుతూ దేవకి. పక్క బల్ల దగ్గర నల్లమచ్చ ఉంది. ఆమె చుట్టూ మాత్రం ఎక్కడా లేదు.

దేవకి నవ్వి, తేదీ చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఫిరోజ్, ఆ రోజు నేను ఆఫీసుకి రాలేదు."

"వచ్చుంటారు మేడమ్. మర్చిపోయుంటారు. వెలుగుజాడ కదా."

"ఆ రోజు నేను కోర్టులో ఉన్నాను" అంది. ఏ కేసు కోసమో ఫిరోజ్‌కు గుర్తొచ్చింది. అతని ముఖం మారిపోయింది.

దేవకి హాల్లోకి పరిగెత్తింది. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే ఈసారి తాళంచెవి వాడలేదు. మొదటి వరస నుంచి ఒక్కొక్క యంత్రం ముందూ నిలబడి, కీబోర్డు తగిలించి, తెలియనిచోట ఏం గీస్తున్నావని అడిగింది. నలుపు, నలుపు, నలుపు అంటూ వచ్చాయి. చివరి వరస దగ్గరికి వచ్చేసరికి ఫిరోజ్ కూడా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆ వరసలో మొదటి యంత్రం వేరే మాట చెప్పింది. ఇంతకుముందు ఎక్కువగా కనిపించినదేదో అదే. దాని పక్కదీ అదే చెప్పింది. వరసంతా అదే.

వేసవిలో ఏసీ బాగుచేసేటప్పుడు ఈ వరస నిద్రలో ఉంది. ఆమె రెండో ఆజ్ఞ దీనికి చేరలేదు. లేచాక మొదటి ఆజ్ఞనే నమ్మకంగా పాటిస్తూ వచ్చింది. వాల్వు గది ముక్కలు ఈ యంత్రాలకే పడ్డాయి. పాత వీడియోల్లో ఆ గదిలోకి రోజూ వచ్చేది ఎల్లాజీ. అందుకని ఆ రోజు కూడా ఎల్లాజీనే గీశాయి.

ఫిరోజ్ చివరి వరసను సరిచేసి ఐసు ఫ్యాక్టరీ బొమ్మను మళ్ళీ గీయించాడు. నడవ వచ్చింది, తలుపు వచ్చింది, గుమ్మంలో తడి వచ్చింది. తలుపు లోపల అంతా నలుపు. మనిషి ఉన్నాడో లేడో, గొట్టం పగిలిందో వాల్వు తిరిగిందో ఏమీ లేదు.

దేవకి నేలమీద కూర్చుండిపోయింది. 'నీకు అంత నమ్మకమా' అని చిన్నాన్న అడిగిన మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఫిరోజ్ తప్ప చూసేవాళ్ళెవరూ లేని ఆ హాల్లో కూడా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

*

విశాలాక్షి అంతా విన్నది.

"వేసవి తర్వాత మనం ఇచ్చిన బొమ్మలన్నీ?" అని అడిగింది.

"అన్నీ మళ్ళీ గీయాలి మేడమ్."

"మనం మూతపడతాం."

"అవును మేడమ్."

ఆవిడ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఒక్క క్షణం దేవకికి భయం వేసింది, ఎవరికీ చెప్పొద్దంటుందేమోనని. ఇంకో క్షణం ఆ మాట అంటే బాగుండుననిపించింది. అలా అనిపించినందుకు గోళ్ళు అరచేతిలో గుచ్చుకునేలా పిడికిలి బిగించింది.

"నువ్వు చూసుకోలేదు. నేను ఒప్పుకున్నాను" అంది విశాలాక్షి. "పద. లాయరు దగ్గరికి ఇద్దరం వెళదాం. ముందు మీ చిన్నాన్నకు చెప్పు. ఆయన పేపర్లో చదవకూడదు."

జైల్లో ఎల్లాజీ చిక్కిపోయాడు. కటకటాల అవతల కూర్చుని, "బాగున్నావేటమ్మా?" అని అడిగాడు. గొంతు తగ్గిపోయింది.

దేవకి చెప్పింది. తాళంచెవి, సినిమా, ఆపేసిన వరస, అన్నీ. చెప్తున్నంతసేపూ అతని కళ్ళలోకి చూడలేక, అతని వేళ్ళవైపు చూసింది.

"నువ్వు తిప్పినట్టు బొమ్మలో లేదు సిన్నాన్నా. అక్కడ ఏమీ లేదు. నువ్వు ముందు చెప్పిందే నమ్మి ఉండాల్సింది. నన్ను..." క్షమించమనే మాట నోటికి రాలేదు. అది అడగడానికి కూడా అర్హత ఉండాలి కదా అనిపించింది.

ఎల్లాజీ జాలిగా నవ్వాడు.

"నన్ను ఇడిపించడానికి ఇంత కత అల్లినావేటే? వొద్దమ్మా. నాను తిప్పినాను."

"లేదు సిన్నాన్నా! పడవ నీడన పడుకున్నానన్నావు కదా?"

"అది అంతకు ముందు రోజేమో. నాకిప్పుడు బాగా గ్యాపకమొచ్చీసింది. వాల్వు సల్లగుంది. సెయ్యి జారిపోతంటే తువ్వాలతో పట్టుకున్నాను. నీలం గళ్ళ లుంగీ కట్టుకున్నాను. ఇసురుగా తిప్పినాను. బుస్సుమంది. గౌరమ్మ కేక కూడా ఇన్నాను."

"ఆ లుంగీ పాత వీడియోలోది!" దేవకి కటకటాలు పట్టుకుంది. "బొమ్మ చూసి చూసి నీకలా అనిపిస్తోంది."

"రోజూ వొస్తాది కళ్ళల్లోకి. అబద్దమెలాగవుద్ది?" అన్నాడు ఎల్లాజీ. తర్వాత మెల్లగా, "నువ్వే సెప్పినావు గదా, గ్యాపకం నేకపోవొచ్చని. ఆలోసించుకున్నాను. వొచ్చింది" అన్నాడు.

దేవకి ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

*

కోర్టు అన్నీ విన్నది. పాత బొమ్మను కొట్టేసింది. ఆ ఒప్పుకోలుకు ఆధారం ఆ బొమ్మే కనక దాన్నీ కొట్టేసి, ఎల్లాజీని వదిలేయమంది. కుళ్ళాయన్న పాత గొట్టాలను పరీక్షించాలనుకుంటే అవి ఎప్పుడో పాతఇనుము కొట్టుకు పోయి కరిగిపోయాయని తెలిసింది. నిజంగా ఏం జరిగిందో ఇక తెలిసే దారి లేదు. పరిశోధనాలయానికి తాళం పడింది. వేసవి తర్వాతి బొమ్మల్లో తప్పులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. విశాలాక్షి ఒక్కొక్క ఇంటికీ స్వయంగా వెళ్ళి చెప్తోంది. కొందరు ఆవిడను గుమ్మంలోకి రానివ్వలేదు.

ఎల్లాజీ జైలు నుంచి వచ్చాడు కానీ ఇంట్లో నిలవలేదు. పొద్దున్నే మసేను ఇంటికి వెళ్ళేవాడు. గౌరమ్మ కూతుర్ని భుజాన ఎక్కించుకుని బడికి దింపేవాడు. నీళ్ళు మోసేవాడు. మసేను వద్దనేవాడు కాదు, మాట్లాడేవాడూ కాదు. నూకాలు దేవకితో పలకడం మానేసింది. ఒక్కసారి మాత్రం ఎదురుపడి, "ఆడు నిద్దట్లో కూడా వాల్వు తిప్పతాడే" అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మసేనుకు తనే చెప్పాలని దేవకికి మొదటి రోజు నుంచీ తెలుసు. కోర్టులో ఇంగ్లీషులో నడిచిన వాదన అతనికి ఎవరో రెండు ముక్కల్లో చెప్పారు, అతను నమ్మలేదు. వెళ్ళాలనుకునేది, వీధి మొగదాకా వెళ్ళి తిరిగొచ్చేది. చివరికి ఒక ఆదివారం పొద్దున వెళ్ళింది.

మసేను వాకిట్లో వల పరుచుకుని చిరుగులు కుడుతున్నాడు. ఎల్లాజీ అవతలి అంచు పట్టుకుని ఉన్నాడు. దేవకిని చూసి ఇద్దరూ చేతులు ఆపారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

"మసేనన్నా, నీతో ఒక మాట చెప్పాలి" అంది దేవకి. నిలబడే చెప్పింది. తన చిన్నాన్న తిప్పాడని తన యంత్రాలు గీసిన బొమ్మ తప్పని, అక్కడ ఏమీ కనిపించకుండా ఉండాల్సిందని, ఆ పొరపాటు తనదని.

మసేను సూది పక్కన పెట్టాడు. "ఈడు కాపోతే మరెవుడు సంపినాడు నా ఆడదాన్ని?"

"తెలీదన్నా."

"గొట్టమా? ఫ్యాక్టరీ షావుకారా?"

"తెలీదు. ఇక తెలిసే వీలు లేదు."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. కోపంగా కూడా కాదు. "ఈ తెలీదన్న మాట ఆ రోజే సెప్పుంటే, ఆ గొట్టాలు ఉండేయి గదమ్మా. ఎవుడో ఒకడు సూసేవోడు. అప్పుడెందుకు సెప్పనేదు?"

గుమ్మాల్లో ఆడవాళ్ళు దేవకినే చూస్తున్నారు. తల వాలిపోయింది.

ఎల్లాజీ వల వదిలేసి గబగబా వచ్చి ఆమెకూ మసేనుకూ మధ్య నిలబడ్డాడు.

"గుంట్ని ఏటీ అనకురా" అన్నాడు. "అది నా మీద పేణం కొద్దీ అలగ సెప్తంది. దాని తప్పేటీ నేదు. తిప్పినోన్ని నాను. ఏటన్నా అంటే నన్ను అను."

మసేను తలాడించాడు. అతనికి ఆ మాటే తేలిగ్గా అర్థమైంది. చూపు దేవకి మీదినుంచి జరిగి ఎల్లాజీ మీదికి వెళ్ళింది.

ఆ క్షణంలో దేవకికి ముందు కలిగింది ఊరట. నిజంగా ఊరటే, ఎండలోంచి నీడలోకి వచ్చినట్టు. చిన్నాన్న వీపు వెనక, ఇంకాసేపు ఇలాగే ఉండిపోతే ఎవరూ ఏమీ అనరు. అది తెలిసిన మరుక్షణం ఒళ్ళంతా కంపరమెత్తింది. ఇంతవరకూ పడిన సిగ్గంతా కలిపినా దీనిముందు చాలదనిపించింది.

చిన్నాన్న భుజం పట్టుకుని పక్కకు జరిపింది. అతను తేలిగ్గా జరిగాడు, అంత బరువు తగ్గిపోయాడు.

"మసేనన్నా, ఆయన మాట వినకు" అంది, గుమ్మాల్లోవాళ్ళకు కూడా వినపడేలా. "ఆయన తిప్పానని చెప్పడం కూడా నేను చేసిందే. మొదటినుంచీ చెప్తాను. కూర్చో."

మసేను కూర్చోలేదు. ఎల్లాజీ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. దేవకి వలమీద కాలు పడకుండా వాళ్ళిద్దరి మధ్యా నేలమీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.